సాక్షి లేని మాంసం

బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దులకు, మేకలకు, గొర్రెలకు, కోళ్లకు వైద్యం చేస్తూ సేవాకాలమంతా గడిపిన ఒక పశువైద్యుని స్మృతిలో ఈ సభ ఏర్పాటైంది. పశువును బతికించే శాస్త్రానికి అంకితమైన వ్యక్తి పేరిట, పశువును కోయకుండానే మాంసం తయారుచేసే శాస్త్రాన్ని గురించి, దాన్ని తినడంపై ప్రజల మనసులో ఉన్నదాన్ని గురించి చర్చించడం ఉచితం.

ఇక్కడ ప్రతిపాదించే విషయం ఒక్కటే. తెలుగు నేల మీద ఒక మాంసాన్ని జనం ఒప్పుకోవడానికైనా, కాదనడానికైనా రుచి, ధర, హింసాహింసల తర్కం చాలవు. ఆ మాంసానికి సాక్షి ఎవరు అన్న ప్రశ్నే అన్నిటికంటే ముందు నిలుస్తుంది. జంతువును ఎవరు చూశారు, ఎవరి ఎదుట కోశారు, ఎవరు పంచారు అన్నది తెలిసిన మాంసం ఒకటి, తెలియని మాంసం ఒకటి. ప్రయోగశాల మాంసం పూర్తిగా రెండో కోవలోది. దాని భవితవ్యం ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే తేలుతుంది.

ముందుగా దాని తయారీ సంగతి. బతికున్న కోడి నుంచో, గొర్రె నుంచో, ఆవు నుంచో సూదితో కొద్దిపాటి కండరాన్ని తీస్తారు. గాయం తగిలినప్పుడు కండరాన్ని తిరిగి పూడ్చే మూలకణాలు అందులో ఉంటాయి. వాటిని వేరుచేసి, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు, పెరుగుదలకు ప్రేరణనిచ్చే ప్రోటీన్లు కలిపిన ద్రవంలో ఉంచి, జంతువు ఒంటి వేడికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతలో, మూసిన స్టీలు తొట్లలో పెంచుతారు. కణాలు రెండింతలు, నాలుగింతలుగా పెరుగుతాయి. తరువాత ద్రవాన్ని మార్చి వాటిని కండరపు పోచలుగా మారేలా చేస్తారు. కొన్ని వారాలకు ఖీమాను పోలిన ముద్ద చేతికొస్తుంది. ఎముకను అంటిపెట్టుకున్న కండ, నడుమ కొవ్వు, రక్తనాళాలు ఉన్న ముక్కను ఇలా పెంచడం మాత్రం ఇప్పటికీ కష్టమే. వేటకూరలో మూలుగ కోసం చూసే వారికి ఈ తేడా చిన్నది కాదు.

2013 ఆగస్టు 5న లండనులో డచ్చి శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ ఇలా తయారైన తొలి గొడ్డుమాంసపు బర్గర్‌ను జనం ముందు వేయించి తినిపించారు. దానికైన ఖర్చు సుమారు రెండున్నర లక్షల యూరోలు. 2020 డిసెంబరులో సింగపూర్ ఇటువంటి కోడిమాంసం అమ్మకాన్ని అనుమతించిన మొదటి దేశమైంది. 2023 జూన్‌లో అమెరికా అనుమతించింది.

ఇంత కొత్త వస్తువు గురించిన వివాదానికి మూలాలు మాత్రం ఈ ప్రాంతంలో చాలా పాతవి. కళింగ యుద్ధం తరువాత అశోకుడు చెక్కించిన శాసనాలు ఇక్కడికి ఈశాన్యాన, ఒడిశాలోని గంజాం జిల్లా జౌగడలో ఉన్నాయి. వాటిలో మొదటిది జంతువధ గురించినదే. ఒకప్పుడు రాజు వంటశాలలో రోజూ లెక్కలేనన్ని జీవాలు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చస్తున్నాయనీ, ఇకముందు అవీ చావవనీ దాని సారాంశం. ఒక చక్రవర్తి తన వంటింటి లెక్కను తానే రాతి మీద బయటపెట్టుకోవడం గమనించదగినది. వంటశాల తలుపు వెనుక జరిగేది ప్రజలకు తెలియాలన్న ఆలోచన అందులో ఉంది.

వంశధార ఒడ్డున శాలిహుండం, నెల్లిమర్ల దగ్గర రామతీర్థం కొండలు ఆ తరువాతి శతాబ్దాల బౌద్ధానికి గుర్తులు. రామతీర్థంలో జైన అవశేషాలు కూడా ఉన్నాయి. జైనం మాంసాన్ని పూర్తిగా నిషేధించింది. తొలినాటి బౌద్ధ వినయం మరో దారి పట్టింది. భిక్షాపాత్రలో పడిన మాంసాన్ని భిక్షువు తినవచ్చు, మూడు షరతులకు లోబడి. ఆ జంతువును తన కోసం చంపడం కళ్లతో చూసి ఉండకూడదు, చెవులతో విని ఉండకూడదు, అలా జరిగిందన్న అనుమానమూ ఉండకూడదు. దీన్నే త్రికోటి పరిశుద్ధి అన్నారు. ఈ నియమంలో చూడకపోవడమే శుద్ధి. వధకు, భోజనానికి నడుమ ఎంత దూరముంటే అంత మంచిది.

ఊరి ఆచారం దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మవారి పండుగకు పొట్టేలును మొక్కుకున్న ఇంటివాళ్లు దాన్ని నెలల తరబడి పెంచుతారు, లేదా సంతలో పళ్లు చూసి, వీపు నిమిరి చూసి కొంటారు. పసుపు రాసి, దండ వేసి, డప్పుల నడుమ గుడి ముందుకు తీసుకెళ్తారు. తల మీద నీళ్లు చల్లినప్పుడు అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అంతా పదిమంది ఎదుటే. పండుగ రోజుల్లో నలుగురైదుగురు కలిసి ఒక వేటను కోసుకున్నప్పుడూ పద్ధతి అదే. చాప మీదో, అడ్డాకుల మీదో పోగులు పెడతారు. ప్రతి పోగులో కొంచెం కండ, కొంచెం ఎముక, ఒక కాలేజా ముక్క, కాస్త పేగు పడాలి. పోగులు పెట్టినవాడు చివరి పోగు తీసుకోవడం న్యాయమని పెద్దలు అంటారు. చూసేవాళ్లుంటేనే ఆ పంపకం పంపకమవుతుంది. ఇక్కడ చూడటమే శుద్ధి.

విజయనగరంలో దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవం 1757 నాటి బొబ్బిలి యుద్ధపు శోకంతో ముడిపడింది. రెండు కోటల వైరంలో పుట్టిన కథకు చుట్టుపక్కల పల్లెలన్నీ ఇప్పటికీ తరలివస్తాయి. పండుగకు ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టే కూర, కోసిన జంతువు, మొక్కు, ఊరి జ్ఞాపకం ఇక్కడ ఒకదానితో ఒకటి అల్లుకుపోయాయి. మాంసాన్ని పోషక పదార్థంగా మాత్రమే లెక్కగట్టే సర్వేలు ఈ అల్లికను పట్టించుకోవు. అవి పొరబడేది అక్కడే.

దేవతలకు జంతువులను, పక్షులను బలివ్వడాన్ని నిషేధిస్తూ 1950లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. అప్పటికి బొబ్బిలి ఆ రాష్ట్రంలోనే ఉంది. అంటే ఆ చట్టం ఇక్కడి గుళ్లకూ వర్తించింది. పల్లెల్లో మొక్కులు మాత్రం ఆగలేదు. తమిళనాడులో 2003లో ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేయబోతే వచ్చిన ప్రతిఘటనకు 2004లో దాన్నే రద్దు చేయవలసివచ్చింది. అహింస పేరిట పైనుంచి వచ్చిన ఆజ్ఞకు జనం తలవంచలేదనడానికి ఇంతకంటే స్పష్టమైన దాఖలా అక్కర్లేదు. ప్రయోగశాల మాంసాన్ని అహింసా ప్రచారంగా పల్లెలకు తేవాలనుకునేవారు ఈ చరిత్రను జాగ్రత్తగా చదవాలి.

అయితే ఉత్తరాంధ్ర తినే మాంసంలో పండుగ మాంసం కొద్ది భాగమే. మిగిలినది ఆదివారపు కోడి. దాని చరిత్ర సుమారు యాభై ఏళ్లదే. అప్పటిదాకా కోడి అంటే పెరట్లో తిరిగే నాటుకోడి, చుట్టం వచ్చినప్పుడు మాత్రమే కోసేది. తెలుగువాడైన బి.వి.రావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్, ఆయన చొరవతోనే 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం దేశంలో కోళ్ల పెంపకం రూపాన్ని మార్చాయి. నలభై రోజుల లోపే రెండు కిలోలకు పైగా తూగే కోడి వచ్చింది. మొదట్లో ఫారం కోడిని చాలామంది ఈసడించారు. చప్పగా ఉంటుందన్నారు, మందులు పెట్టి పెంచుతారన్నారు, దూదిలా ఉంటుందన్నారు. ఫారం గుడ్డులో జీవం లేదు కాబట్టి అది శాకాహారమేనని ఒకరంటే, జీవం లేనిది తింటే బలమేముందని మరొకరు అడిగారు. పుంజు లేకుండా పెట్టిన గుడ్డు గుడ్డేనా అన్న అప్పటి సందేహానికి, జంతువు లేకుండా పెరిగిన మాంసం మాంసమేనా అన్న నేటి సందేహం తోబుట్టువు.

ఆ గుడ్డు ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో వారానికి అయిదు రోజులు ఉంటోంది. ఫారం కోడి పల్లె పల్లెకూ చేరింది. మనసు మార్చినవి మూడు. ధర అందుబాటులోకి రావడం మొదటిది. పిల్లల బలానికి మంచిదన్న మాట వైద్యుల నోటా, బడిలోనూ వినబడటం రెండోది. మూడోది అంతగా గుర్తింపు పొందలేదు గానీ అన్నిటికంటే బలమైనది: కోడి కొత్తదైనా కోసే చోటు పాతదిగానే ఉండిపోయింది.

బొబ్బిలి పట్టణంలో ఏ ఆదివారం పొద్దున్నైనా ఒక చికెన్ సెంటర్ ముందు నిలబడితే ఇది అర్థమవుతుంది. గూట్లో బతికున్న కోళ్లు ఉంటాయి. కొనేవారు వేలితో చూపిస్తారు. దుకాణదారు కాళ్లు పట్టుకుని తీసి కాటాలో వేస్తాడు. బరువు చెబుతాడు. కోసి డ్రమ్ములో వేస్తాడు. స్కినా, స్కిన్‌లెస్సా అని అడుగుతాడు. కొనేవారు అక్కడే ఉండి చిన్న ముక్కలు కొట్టమనీ, లెగ్గులు విడిగా ఉంచమనీ, కందనకాయ మరిచిపోవద్దనీ చెబుతారు. కళ్లు మిలమిలలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఉన్న కోడినే కోశారన్నది వారి భరోసా. జబ్బుకోడో, చచ్చిన కోడో కాదని చెప్పే ధ్రువపత్రం వాళ్ల కళ్లే. గుడి ముందటి సాక్ష్యం ఈ దుకాణం ముందుకు మారింది, అంతే. అందుకే పెద్ద కంపెనీలు ఎన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నా, గడ్డకట్టించి పొట్లం కట్టిన చికెన్ ఈ చిన్న పట్టణాల ఇళ్లలోకి పెద్దగా రాలేకపోయింది. ఎప్పుడు కోశారో తెలియదన్న ఒక్క మాటతో దాన్ని పక్కన పెడతారు. ఒకనాడు బతికి, నడిచి, కోయబడిన కోడినే పొట్లంలో నమ్మనివారు, ఎన్నడూ నడవని మాంసాన్ని పొట్లంలో ఎలా నమ్ముతారన్నది ఈ విషయంలో అసలు ప్రశ్న.

నమ్మకం చెదిరిన సందర్భాలూ ఇదే చెబుతాయి. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ కోళ్ల ద్వారా వస్తుందన్న వదంతి పుట్టి తెలుగు రాష్ట్రాల్లో చికెన్ ధర కూలిపోయింది. శాస్త్రవేత్తల ప్రకటనలు చాలలేదు. ఆ నెలాఖరున హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదిక మీదే చికెన్ తిని చూపించారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మళ్లీ అదే జరిగింది. బాగా ఉడికించిన మాంసంతో ప్రమాదం లేదని పశుసంవర్ధక శాఖ ఎంత చెప్పినా అమ్మకాలు పడిపోయాయి. చివరికి కోళ్ల పరిశ్రమవారు ఉచిత చికెన్ మేళాలు పెట్టి, జనం ఎదుట జనానికే వడ్డించారు. జనం బారులు తీరారు. పోగొట్టుకున్న నమ్మకాన్ని కాగితం తిరిగి తేలేకపోయిన చోట, పదిమంది ఎదుట తినడం ఆ పని చేసింది.

ప్రయోగశాల మాంసం ప్రపంచ చరిత్రలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 2015లో అమెరికాలో మెంఫిస్ మీట్స్ పేరుతో మొదలై, 2021లో అప్‌సైడ్ ఫుడ్స్‌గా మారిన కంపెనీ స్థాపకుల్లో ప్రముఖుడు ఉమా వలేటి విజయవాడలో పెరిగినవారు. ఆయన తండ్రి పశువైద్యుడు, తల్లి భౌతికశాస్త్రం బోధించేవారు. పన్నెండేళ్ల వయసులో పొరుగింటి పుట్టినరోజు వేడుకకు వెళ్లినప్పుడు ముందు వాకిట్లో ఆటపాటలు, భోజనాలు, వెనుక పెరట్లో ఆ భోజనాల కోసం జంతువులను కోయడం ఆయన కంటబడ్డాయి. ఒకే ఇంట్లో ఒకే రోజు పుట్టుక పండుగా, చావూ జరగడం తన మనసులో నిలిచిపోయిందని ఆయన చాలాసార్లు చెప్పారు. తరువాత పుదుచ్చేరి జిప్మర్‌లో చదివి, అమెరికాలో హృద్రోగ నిపుణుడై, గుండెపోటుతో చచ్చుబడిన కండరాన్ని మూలకణాలతో తిరిగి పెంచే చికిత్స మీద పనిచేస్తున్నప్పుడు, అలాగే తినే కండరాన్నీ పెంచవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. 2023లో అమెరికా అనుమతి పొందిన రెండు కంపెనీల్లో ఆయనది ఒకటి.

ఆ పెరటి దృశ్యం తెలుగునాట దాదాపు ప్రతి పిల్లవాడూ చూసినదే. చాలామందికి అది పండుగలో భాగంగా మనసులో కుదురుకుంది. ఒకరికి జీవితకాలపు ప్రశ్నగా మిగిలింది. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. ఆయన చూసి కలతపడ్డారు, చూడనక్కర్లేని మాంసాన్ని తయారుచేశారు. భిక్షువు దారి అది. మిగిలినవారు చూసి నమ్మారు. పోగులు పెట్టేవారి దారి అది. ప్రయోగశాల మాంసం త్రికోటి పరిశుద్ధిని నూటికి నూరుపాళ్లు నెరవేరుస్తుంది. పోగుల దగ్గర పరీక్షలో ఒక్క మార్కూ తెచ్చుకోదు.

హైదరాబాదులో ఈ పరిశోధన ప్రభుత్వ పక్షాన మొదలైంది. 2018లో అక్కడ జరిగిన సదస్సులో అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ దీన్ని గట్టిగా సమర్థించారు. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పత్రికలు దీన్ని అహింసా మాంసమని రాశాయి. ఆ మాటకు అడ్డుపడే విషయం ఒకటి ఉంది. కణాలను పెంచే ద్రవంలో చాలాకాలంగా వాడుతూ వచ్చిన ముఖ్య పదార్థం, కబేళాలో కోసిన చూడి ఆవు గర్భంలోని దూడ రక్తం నుంచి తీసిన సీరం. సింగపూర్‌లో 2020లో అనుమతి పొందిన కోడిమాంసం తయారీలోనూ అది కొద్దిగా వాడారు. సీరం లేని ద్రవానికి అక్కడ అనుమతి 2023 జనవరిలో వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని వదిలేస్తున్నాయి. కానీ ఈ సంగతిని దాచిపెట్టి అహింస పేరుతో అమ్మితే, తరువాత తెలిసినవారికి కలిగే మనస్తాపం మామూలుగా ఉండదు. గోవును పూజించే ఇళ్లలో ఆ వార్త ఒక్కటి చాలు, వస్తువు మీదే కాదు, దాన్ని చేసిన శాస్త్రం మీదా నమ్మకం పోవడానికి.

అహింసా వాదానికి మరో ఇబ్బంది కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వపు 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులు. మిగిలిన కొద్దిమందిలో ఎక్కువమంది మాంసం ముట్టకపోవడానికి కారణం కులాచారం, శౌచం, అలవాటు. జంతువు చావలేదని చెప్పినంత మాత్రాన వారు మాంసం తినరు. వాసనే గిట్టదు. తినేవారిలోనూ కార్తీకంలో, శనివారాల్లో నీసు ముట్టనివారు కోకొల్లలు. ఆ రోజుల్లో వారు వదిలేది మాంసాన్నే గాని వధను కాదు. కార్తీక సోమవారం నాడు ప్రయోగశాల మాంసం తినవచ్చా అని ఉత్తరాంధ్ర ఇల్లాలిని అడిగితే జవాబు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అహింస అన్న కారణం ఎవరికి ఎక్కువ నచ్చుతుందో వారు ఎలాగూ కొనరు, కొనేవారికి అది కారణమే కాదు.

సర్వేలు చెప్పేది ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికా, భారత్, చైనాల్లో మొత్తం 3,030 మందిని ప్రశ్నించారు. ప్రయోగశాల మాంసం కొనడానికి సుముఖత అమెరికాలో కంటే భారత్, చైనాల్లో ఎక్కువగా తేలింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని సమాధానం ఇచ్చిన భారతీయుల్లో ఎక్కువమంది నగరవాసులు, బాగా చదువుకున్నవారు, ఆదాయమున్నవారు. ఆ సంగతి అధ్యయనకర్తలే ఒప్పుకున్నారు. వాళ్లు ఇప్పటికే పొట్లంలో వచ్చిన చికెన్‌ను, యాప్‌లో తెప్పించుకున్న బిర్యానీని నమ్ముతున్నారు. వారి సాక్షి కంపెనీ పేరు. బొబ్బిలి సంతలో కూరగాయలు కొనే మనిషి సాక్షి వేరు. ఆ మనిషిని ఎవరూ అడగలేదు.

విదేశాల్లో ఈ మాంసంపై వ్యతిరేకత వేరే దిక్కు నుంచి వచ్చింది. ఇటలీ 2023 నవంబరులో పశుపోషకుల సంఘాల మద్దతుతో దాని తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలో ఫ్లోరిడా 2024 మేలో అదే పని చేసింది, ఆ వెంటనే అలబామా. విజయవాడలో మొదలైన ఆలోచన, ఉమా వలేటి కంపెనీ వేసిన దావాగా, ఫ్లోరిడా న్యాయస్థానానికి వెళ్లవలసివచ్చింది. అమ్మకానికే రాని వస్తువును జనం నిరాకరించారనడం ఈ నిషేధాల్లో లోపం. తినాలా వద్దా అని తేల్చుకునే అవకాశాన్ని వారికి ఇవ్వనేలేదు. మతపెద్దలు ఇంతకంటే శ్రద్ధగా ఆలోచించారు. హలాల్ జంతువు కణాలతో, హలాల్ పదార్థాలతో తయారైతే తినవచ్చునని సింగపూర్ ఇస్లామిక్ మండలి 2024 ఫిబ్రవరిలో ఫత్వా ఇచ్చింది. ఇజ్రాయెల్‌లో ప్రధాన రబ్బీ 2023లో ఒక కంపెనీ మాంసాన్ని పరిశీలించి సానుకూలంగా తీర్పు చెప్పారు. పరిశీలించి చెప్పడం, చెప్పినదానికి పూచీ పడటం వల్ల వారు తమ సమాజాలకు సాక్షులయ్యారు.

భారతదేశంలో ఇటువంటి కొత్త ఆహారం భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017 నిబంధనల కింద ముందస్తు అనుమతి పొందాలి. ఆ అనుమతి వచ్చే రోజున పొట్లం మీద ఏ గుర్తు ఉండాలన్నది మొదటి సమస్య. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం ఉన్నాయి. జంతుభాగం ఏ కాస్త ఉన్నా మాంసాహారమన్నది మన నియమం. అందుచేత త్రికోణమే సరైనది. మూడో గుర్తు కావాలని వ్యాపారులు కోరవచ్చు. దాన్ని ఒప్పుకోకూడదు, ఎందుకంటే తిననివారికి పొరబాటున తినిపించడమంత పెద్ద నమ్మకద్రోహం ఈ దేశంలో మరొకటి లేదు. కణాలు ఏ జంతువువి, ద్రవంలో సీరం వాడారా, ఎక్కడ, ఎప్పుడు తయారైంది అన్నవి తెలుగు అక్షరాల్లో పొట్లం మీద ఉండాలి.

రెండోది తనిఖీ. చట్టబద్ధమైన కబేళాలో కోతకు ముందు జంతువును, కోశాక మాంసాన్ని పశువైద్యుడు పరీక్షించి ముద్ర వేస్తాడు. ఊరి కళ్లకు బదులుగా ఆధునిక రాజ్యం పెట్టిన సాక్షి ఆయనే. కణాలు పెరిగే తొట్టి దగ్గర ఆ స్థానంలో ఎవరుండాలి? అమెరికాలో 2019 ఒప్పందం ప్రకారం కణాలు తొట్టి నుంచి బయటికి వచ్చేదాకా ఆహార, ఔషధ సంస్థ, ఆ తరువాత వ్యవసాయ శాఖ బాధ్యత పంచుకున్నాయి. మనదేశంలో ఆ బాధ్యతకు శిక్షణ పొందవలసినవారు పశువైద్య విద్యార్థులే. ఈ విజయనగరం జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. కణాల పెంపకం, తొట్టి పరిశుభ్రత, సూక్ష్మజీవుల పరీక్ష అక్కడి పాఠ్యాంశాల్లో చేరితే, రేపు గ్రామసభలో లేచి నిలబడి ఇది చూశాను, పరీక్షించాను అని చెప్పగల మనిషి తయారవుతాడు. ఇంకో పని కూడా చేయాలి. తయారీ కేంద్రాల్లో గాజు గోడ ఉండాలి, బడి పిల్లలకు, రైతులకు, మహిళా సంఘాలకు తలుపులు తెరవాలి. రుచి చూపించడం ఐదు నక్షత్రాల హోటళ్లలో కాకుండా ఇటువంటి సభల్లో, చెప్పి, ఇష్టమున్నవారికి, అందరి ఎదుట జరగాలి. 2025లో కోళ్లవారు నేర్చుకున్న పాఠం అదే.

జీవనోపాధి సంగతి మిగిలింది. విజయనగరం జిల్లా రైతు రబీలో పండించే మొక్కజొన్నకు కోళ్ల దాణా పెద్ద గిరాకీ. కంపెనీ ఇచ్చిన పిల్లలను షెడ్డులో పెంచి కిలోకింత అని తీసుకునే కోళ్ల రైతులు ఉన్నారు. మాంసపు దుకాణాలు నడిపేవారు, గొర్రెలతో కొండవాలుల్లో తిరిగే కాపరులు ఉన్నారు. ప్రయోగశాల మాంసం వల్ల వీరందరికీ నష్టం ఒకేలా ఉండదు. తొట్టిలోని ద్రవానికి కావలసిన గ్లూకోజును మొక్కజొన్న పిండి నుంచి తీయవచ్చు కాబట్టి మొక్కజొన్న రైతుకు కొత్త కొనుగోలుదారు దొరకవచ్చు. దుకాణదారు వేరే సరుకు అమ్ముకోవచ్చు. కోళ్ల రైతుకు షెడ్డు మీద తెచ్చిన అప్పు ఉంటుంది, దానికి ప్రత్యామ్నాయం చూపవలసింది ప్రభుత్వం. కాపరి పరిస్థితి అన్నిటికంటే కష్టం. ఆయన ఆస్తి మందే. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం సబ్సిడీతో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిందంటే, ఆ వృత్తి మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నాయో అర్థమవుతుంది.

తరతరాలుగా ఎండకు, కరువుకు తట్టుకునేలా కాపరులు ఎంపిక చేసి నిలబెట్టిన గొర్రెల జాతుల నుంచే రేపు మంచి కణాలు తీస్తారు. ఒక్క గొర్రె కండరం నుంచి తీసిన చిటికెడు కణాలతో ఏళ్ల తరబడి టన్నుల మాంసం పెంచవచ్చు. ఆ గొర్రెను అమ్మిన కాపరికి మాత్రం ఒక్క గొర్రె ధరే ముడుతుంది. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. జంతువులు, వాటి భాగాలు, జన్యుపదార్థం జీవవనరులని, వాటిని వాణిజ్యానికి వాడుకున్నప్పుడు కాపాడినవారికి ప్రయోజనంలో వాటా ఇవ్వాలని అది చెబుతోంది. గొర్రె కణాల మీద నడిచే పరిశ్రమకు ఆ నిబంధనను ఎలా వర్తింపజేయాలి, వాటా వ్యక్తికి పోవాలా, కాపరుల సంఘానికి పోవాలా, ఎన్నేళ్లు ఇవ్వాలి అన్నవి తొలి లైసెన్సు ఇవ్వకముందే, కాపరులను కూర్చోబెట్టి తేల్చవలసిన విషయాలు.